ద్విభాషా ఉపాధ్యాయుల శిక్షణకు ఆర్థిక ప్రోత్సాహకాలు

ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లలకు రెండు భాషల్లోనూ పాఠం చెప్పగల టీచర్లు కావాలి. అలాంటివారిని తయారుచేయడానికి ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, స్థానిక విద్యాశాఖలు డబ్బు రూపంలో చేసే సాయమే ఈ వ్యాసానికి విషయం. చదువుకునే కాలంలో ఫీజు, నెలవారీ స్టైపెండ్ ఇవ్వవచ్చు. చదువు ముగిశాక విద్యారుణం మాఫీ చేయవచ్చు. ఉద్యోగంలో చేరాక జీతం మీద అదనపు అలవెన్సు చెల్లించవచ్చు. ఈ మూడు పద్ధతులనూ ఎక్కువ కాలం, ఎక్కువ విస్తృతంగా వాడి చూసిన దేశం అమెరికా సంయుక్త రాష్ట్రాలు. అందుకే ఇక్కడ ప్రధానంగా ఆ దేశపు అనుభవాన్నే వివరిస్తున్నాం.

అమెరికా ప్రభుత్వ బడుల్లో ఇంకా ఇంగ్లీషు నేర్చుకునే దశలో ఉన్న పిల్లలు 2021లో సుమారు 53 లక్షల మంది. అంటే పదిమందిలో ఒకరికి మించి. వారిలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఇంటి భాష స్పానిష్. మిగిలిన వారి ఇళ్లలో అరబిక్, చైనీస్, వియత్నామీస్ మొదలుకొని మన తెలుగు దాకా ఎన్నో భాషలున్నాయి. ఇంతమందికి చాలినంత మంది ద్విభాషా టీచర్లు ఆ దేశంలో ఎన్నడూ లేరు.

ప్రత్యేక సాయం ఎందుకు

ద్విభాషా తరగతిలో లెక్కలు చెప్పే టీచరుకు లెక్కలు వస్తే సరిపోదు. భిన్నాలనూ, కిరణజన్య సంయోగక్రియనూ రెండో భాషలో కూడా పుస్తకం స్థాయిలో వివరించగలగాలి. ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగినా బడి చదువంతా ఇంగ్లీషులోనే సాగిన యువతికి ఆ భాషలో కబుర్లాడటం వచ్చు, పాఠం చెప్పడం రాదు. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలను చూసినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. అమ్మమ్మతో ఫోన్లో చక్కగా మాట్లాడే పిల్ల తెలుగులో ఒక పేరా రాయమంటే తడబడుతుంది. కాబట్టి ఇంటి భాష వచ్చినవారికి కూడా అదనపు కోర్సులు, అదనపు పరీక్షలు తప్పవు. టెక్సస్‌లో మామూలు టీచరు పరీక్షలతో పాటు స్పానిష్ భాషా సామర్థ్యానికి విడిగా ఇంకో పరీక్ష ఉంది. కాలిఫోర్నియాలో టీచరు లైసెన్సుకు తోడు ద్విభాషా బోధనకు ప్రత్యేక అనుమతి పొందాలి. వీటి ఫీజులు అభ్యర్థే కట్టుకోవాలి.

అంతకంటే పెద్ద భారం బడిలో చేసే అభ్యాస బోధన. శిక్షణ చివరి దశలో నెలల తరబడి పూర్తికాలం తరగతిలో ఉండాలి, చాలాచోట్ల దానికి జీతం ఉండదు. వలస కుటుంబంలో మొదటి తరం కాలేజీ విద్యార్థికి, ఇద్దరు పిల్లల తల్లికి ఆ నెలలు గడవడం కష్టం. రెండు భాషలు బాగా వచ్చిన వ్యక్తికి ఆస్పత్రి, బ్యాంకు, కోర్టు అన్నీ ఉద్యోగం ఇస్తాయి. బడి మాత్రం రెట్టింపు అర్హత అడిగి, సాధారణ టీచరు జీతమే చేతిలో పెడుతుంది. ఉద్యోగంలో చేరాక కూడా పాఠ్యసామగ్రిని అనువదించడం, తల్లిదండ్రులతో జరిగే ప్రతి సమావేశంలోనూ దుబాసీగా కూర్చోవడం ఆ టీచరు మీదే పడతాయి. ప్రోత్సాహకాల ఉద్దేశం ఈ లోటును కొంతైనా పూడ్చడం.

మయామీ నుంచి వాషింగ్టన్ దాకా

1959 విప్లవం తర్వాత క్యూబా నుంచి లక్షల మంది ఫ్లోరిడాకు తరలివచ్చారు. వారిలో అనుభవజ్ఞులైన టీచర్లు చాలామంది ఉన్నా, అమెరికా లైసెన్సు లేక బడుల్లో సహాయకులుగా చేరారు. 1963లో మయామీలోని కోరల్ వే ప్రాథమిక పాఠశాల ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో స్పానిష్, ఇంగ్లీషు రెండింటిలోనూ బోధన మొదలుపెట్టింది. ఆ ప్రయోగం నిలబడటానికి ఈ క్యూబన్ టీచర్లే కారణం. శరణార్థుల కోసం ఫెడరల్ ప్రభుత్వం కేటాయించిన నిధులు, మయామీ విశ్వవిద్యాలయంలో ఏర్పాటైన పునఃశిక్షణ కోర్సులు వారిని తిరిగి టీచర్లుగా నిలబెట్టాయి. భాష వచ్చిన మనిషిని వెతికి, లైసెన్సు ఖర్చు భరించడం అనే పద్ధతికి ఇది తొలి నమూనా. ఆ తర్వాత వచ్చిన పథకాల్లో చాలావాటి కన్నా ఇదే తెలివైనది.

టెక్సస్ సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో ప్రతిపాదించిన ద్విభాషా విద్యా చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1968 జనవరి 2న సంతకం చేశారు. కాలేజీ రోజుల్లో, 1928లో, జాన్సన్ టెక్సస్‌లోని కటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ అమెరికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పారు. చట్టం కింద తొలిసారి విడుదలైన సొమ్ము 75 లక్షల డాలర్లు, దాన్ని 76 ప్రాజెక్టులు పంచుకున్నాయి. బడులు తెరుచుకున్నాయి గానీ వాటిలో చెప్పేవారు లేరు. 1974 సవరణలతో ఆ లోటు గుర్తించి టీచర్ల శిక్షణకూ, ఉన్నత విద్య ఫెలోషిప్పులకూ విడిగా నిధులు పెట్టారు. ఫెలోషిప్పు తీసుకున్నవారు ఎంతకాలం సాయం పొందారో అంతకాలం ఈ రంగంలోనే పనిచేయాల్సి ఉండేది, లేదంటే డబ్బు తిరిగి కట్టాల్సి వచ్చేది. టీచర్లకు పాఠం చెప్పే ఆచార్యులు ముందు తయారైతేనే టీచర్లు తయారవుతారన్న ఆలోచన ఈ ఫెలోషిప్పుల వెనుక ఉంది. ఆ ఫెలోషిప్పులతో చదివినవారు తర్వాతి దశాబ్దాల్లో విశ్వవిద్యాలయాల్లో ద్విభాషా విద్యా విభాగాలను నడిపారు.

అదే 1974లో లౌ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలను ఏ సాయమూ లేకుండా ఇంగ్లీషు తరగతిలో కూర్చోబెడితే అది సమానావకాశం కాదని న్యాయమూర్తులు తేల్చారు. బడులకు టీచర్ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. ఆ హడావుడిలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే 1981 నాటి కాస్టనేడా వర్సెస్ పికార్డ్ తీర్పు చదవాలి. టెక్సస్‌లోని రేమండ్‌విల్ బడుల మీద వచ్చిన ఫిర్యాదు అది. అక్కడి ఇంగ్లీషు టీచర్లను 100 గంటల కోర్సుకు పంపి, 700 పదాల స్పానిష్ నేర్పి ద్విభాషా తరగతుల్లో నిలబెట్టారు. కోర్సు పూర్తిచేసినా కొందరికి స్పానిష్ అంతంత మాత్రంగానే వచ్చని కోర్టు గుర్తించింది. కార్యక్రమం కాగితం మీద బాగుంటే చాలదు, దాన్ని నడపగల సిబ్బంది, వనరులు ఉండాలని అప్పీళ్ల కోర్టు చెప్పిన సూత్రం ఇప్పటికీ అమల్లో ఉంది. చవకగా ముగించిన శిక్షణ ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

2002లో అమల్లోకి వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం పాత ద్విభాషా చట్టాన్ని రద్దుచేసి, దృష్టినంతా ఇంగ్లీషు నేర్పడం మీదకు మళ్లించింది. అయినా జాతీయ వృత్తి వికాస గ్రాంట్ల పేరుతో శిక్షణ నిధులు కొనసాగాయి. ఇవి విశ్వవిద్యాలయాలకు దక్కుతాయి. అవి స్థానిక బడులతో కలిసి ఐదేళ్ల పాటు టీచర్లకు ఫీజులు, స్టైపెండ్లు సమకూరుస్తాయి.

అప్పుగా మారిన గ్రాంటు

2007 చట్టంతో మొదలైన టీచ్ గ్రాంటు నేరుగా విద్యార్థికే అందే సాయం. ఏడాదికి గరిష్ఠంగా 4,000 డాలర్లు. టీచర్ల కొరత ఉన్న రంగాల జాబితాలో ద్విభాషా విద్యను పేరుపెట్టి చేర్చారు. షరతు ఏమిటంటే చదువు ముగిసిన ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో ఆ విషయమే బోధించాలి. తప్పితే తీసుకున్న ప్రతి డాలరూ అప్పుగా మారుతుంది. వడ్డీని కూడా డబ్బు చేతికందిన రోజు నుంచే లెక్కగడతారు.

షరతు పెట్టడంలో తప్పులేదు. మన దగ్గర వైద్య విద్యార్థులు బాండు రాసిచ్చినట్టే ఇదీ. చిక్కంతా అమలులో వచ్చింది. నిజంగా పేద బడిలో పనిచేస్తున్న టీచర్లు కూడా ఏటా పంపాల్సిన ధ్రువపత్రం కొద్ది రోజులు ఆలస్యమైనందుకో, ఒక సంతకం తేడా వచ్చినందుకో అప్పులపాలయ్యారు. అలాంటివారు వేలల్లో ఉన్నారని 2018లో పత్రికలు, రేడియో వెలుగులోకి తెచ్చాక విద్యాశాఖ ఆ కేసులను తిరగదోడి దిద్దుబాటు ప్రకటించింది. 2021లో నిబంధనలు సడలించింది. రెండు భాషల్లో పిల్లలకు బోధించే టీచరు మీద కాగితాల పొరపాటుకు వేల డాలర్ల అప్పు మోపడం అన్యాయం. ఆ వార్తలు విన్న విద్యార్థులు గ్రాంటు దరఖాస్తుకే వెనుకాడితే నష్టం బడులదే.

రుణమాఫీ పథకాల్లో పెర్కిన్స్ రుణాలది వేరే కథ. ద్విభాషా విద్య బోధించే టీచరుకు ఐదేళ్లలో విడతలవారీగా ఆ రుణం మొత్తం రద్దయ్యేది. మొదటి రెండేళ్లూ 15 శాతం చొప్పున, తర్వాతి రెండేళ్లూ 20 శాతం చొప్పున, ఐదో ఏట మిగిలిన 30 శాతం. ఏడాది పనిచేస్తే ఏడాది ఫలితం దక్కేది కనుక మధ్యలో మానుకున్నవారికీ కొంత మిగిలేది. ఈ మంచి పథకం కింద కొత్త రుణాలను 2017లో ఆపేశారు.

ఇప్పుడున్న ప్రధాన ఫెడరల్ టీచరు రుణమాఫీలో పేద బడిలో వరుసగా ఐదేళ్లు పనిచేయాలి. ఉన్నత పాఠశాల లెక్కలు, సైన్సు టీచర్లకూ, ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్లకూ 17,500 డాలర్ల దాకా మాఫీ అవుతుంది. మిగతా అందరికీ 5,000 డాలర్లే. ద్విభాషా టీచర్లు ఈ రెండో గుంపులో ఉన్నారు. అంటే ఒక చట్టం వీరిని కొరత రంగంగా గుర్తిస్తుంటే, ఇంకో చట్టం ఆ గుర్తింపును లెక్కలోకి తీసుకోవడం లేదు.

రాష్ట్రాల దారులు

కాలిఫోర్నియా చరిత్రలో ఒక హెచ్చరిక ఉంది. 1998లో ఓటర్లు ప్రతిపాదన 227ను ఆమోదించి ద్విభాషా తరగతులను చాలావరకు మూయించారు. అర్హత ఉన్న టీచర్లు ఇంగ్లీషు తరగతులకు మళ్లారు. విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సులు చిక్కిపోయాయి. 2016లో అదే ఓటర్లు 70 శాతానికి పైగా మద్దతుతో ప్రతిపాదన 58ను గెలిపించి ఆ ఆంక్షలు ఎత్తేశారు. అప్పటికి ఒక తరం టీచర్లు చేజారారు. 2017లో రాష్ట్రం 50 లక్షల డాలర్లతో ద్విభాషా టీచర్ల వృత్తి వికాస కార్యక్రమం మొదలుపెట్టింది. అనుమతి ఉండి కూడా ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే బోధించినవారిని వెనక్కి రప్పించడం, రెండు భాషలొచ్చిన సహాయకులను టీచర్లుగా తీర్చిదిద్దడం దాని లక్ష్యాలు. 2021లో మరో కోటి డాలర్లు ఇచ్చారు. 2030 నాటికి రెండు భాషల బోధన సాగే కార్యక్రమాలను 1,600కు పెంచాలని ఈ రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యంతో పోలిస్తే ఇది చిన్న మొత్తం. గోల్డెన్ స్టేట్ టీచర్ గ్రాంటు మాత్రం ఒక్కో విద్యార్థికి 20,000 డాలర్ల దాకా ఇచ్చి, నాలుగేళ్ల సేవ కోరింది. తర్వాత బడ్జెట్ ఇబ్బందులతో గరిష్ఠ పరిమితిని సగానికి తగ్గించారు.

ఇదే రాష్ట్రంలో 2016లో 2 కోట్ల డాలర్లతో మొదలైన మరో పథకానికి ఇంత ప్రచారం రాలేదు. బడుల్లో పనిచేసే బోధనేతర సిబ్బంది, అంటే తరగతి సహాయకులు, బస్సు డ్రైవర్లు, ఆఫీసు ఉద్యోగులు టీచర్లయ్యేందుకు అది మొదట్లో ఏడాదికి 4,000 డాలర్ల దాకా సాయం చేసింది. చాలా బడుల్లో పిల్లల భాష వచ్చినవారు వీరే. పిల్లలు ఏడిస్తే ఓదార్చేదీ, తల్లిదండ్రుల గోడు వినేదీ వీరే. ఉద్యోగం వదలకుండా సాయంత్రాలు చదువుకోనిస్తే, అదే ఊళ్లో టీచర్లుగా స్థిరపడటానికి వీరికి ఎక్కువ కారణాలున్నాయి. ఒరెగాన్‌లో పోర్ట్‌ల్యాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం నడిపే ద్విభాషా టీచర్ల బాట కూడా ఇలాంటిదే. న్యూయార్క్ రాష్ట్రం అప్పటికే పనిచేస్తున్న టీచర్లకు ద్విభాషా అర్హత కోర్సుల ఫీజులు భరించే సంస్థలను విశ్వవిద్యాలయాల్లో నడిపించింది.

టెక్సస్ పద్ధతి వేరు. జిల్లాలో ఒకే తరగతి స్థాయిలో ఒకే ఇంటి భాష ఉన్న ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు 20 మంది ఉంటే ద్విభాషా బోధన పెట్టాలని అక్కడి చట్టం చెబుతుంది. అలాంటి ఒక్కో విద్యార్థికి మూల కేటాయింపులో పదోవంతు అదనంగా ఇస్తారు. 2019లో మూల కేటాయింపును 6,160 డాలర్లు చేశారు కనుక అప్పట్లో ఆ పదోవంతు 616 డాలర్లు. అదే ఏడాది ద్వంద్వ భాషా తరగతులకు మరికొంత కలిపారు. ఈ సొమ్ములోంచి జిల్లాలు టీచర్లకు ఏటా అలవెన్సు ఇస్తాయి. అయితే పెద్ద జిల్లా అలవెన్సు పెంచితే పక్క జిల్లా టీచరు అటు వెళ్లిపోతారు. రాష్ట్రం మొత్తంలో టీచర్ల సంఖ్య మాత్రం పెరగదు.

ఈ నియమం స్పానిష్‌కే పరిమితం కాదు. డాలస్ చుట్టుపక్కల కొప్పెల్, ఫ్రిస్కో, అర్వింగ్ వంటి పట్టణాల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సర్టిఫికెట్ ఉన్న టీచర్లు దొరకనప్పుడు జిల్లాలు రాష్ట్రం నుంచి మినహాయింపు తీసుకుంటాయి. అలా తీసుకున్న జిల్లా తన ద్విభాషా నిధుల్లో కనీసం పదోవంతు టీచర్ల శిక్షణకు ఖర్చుపెట్టాలి. అక్కడి తెలుగు సంఘాలు వారాంతపు బడులు శ్రద్ధగా నడుపుతున్నాయి. ఆ బడుల్లో చెప్పే అమ్మలకు రాష్ట్ర సర్టిఫికెట్ సంపాదించే దారి చూపడం కూడా వాటి పనుల్లో చేరితే బాగుంటుంది.

హవాయిలో కొరత సమస్య కన్నా గాయం పాతది. 1896 చట్టం బడుల్లో ఇంగ్లీషు తప్ప మరో బోధనా భాషకు చోటు లేకుండా చేసింది. 1984లో పూనానా లేయో శిశు బడులతో, 1987లో ప్రభుత్వ బడుల్లో హవాయియన్ మాధ్యమ తరగతులతో ఆ భాష మళ్లీ ఊపిరి పోసుకుంది. భాష తెలిసిన పెద్దలు తగ్గిపోతుండగా టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు? హిలోలోని హవాయి విశ్వవిద్యాలయం హవాయియన్ భాషలోనే నడిచే టీచరు శిక్షణ కోర్సు పెట్టింది. 2020 జనవరి నుంచి రాష్ట్ర విద్యాశాఖ హవాయియన్ మాధ్యమ టీచర్లకు ఏడాదికి 8,000 డాలర్లు అదనంగా ఇస్తోంది. అర్హత ఉన్న ప్రతి ఏటా అందే సొమ్ము కనుక, ఒక్కసారి చేతిలో పెట్టి మరిచిపోయే బహుమతి కన్నా దీనికి బలం ఎక్కువ.

వేల్స్

బ్రిటన్‌లోని వేల్స్ 2050 నాటికి వెల్ష్ మాట్లాడేవారిని పది లక్షలకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. వెల్ష్ మాధ్యమంలో ఉన్నత పాఠశాల టీచరుగా శిక్షణ పొందేవారికి 5,000 పౌండ్లు ఇస్తారు. సగం టీచరు అర్హత రాగానే, మిగతా సగం వెల్ష్ మాధ్యమ బడిలో తొలి ఉద్యోగ కాలం విజయవంతంగా ముగించాక. డబ్బును అర్హతకూ, ఆ అర్హతను వాడటానికీ విడగొట్టి కట్టడం వల్ల అప్పుగా మార్చాల్సిన అవసరమే రాదు. పనిచేస్తున్న టీచర్లు సెలవు పెట్టి వెల్ష్ నేర్చుకునేందుకు సబాటికల్ పథకం ఉంది. ఆ రోజుల్లో బడిలో వారి స్థానంలో వచ్చే టీచరు జీతాన్ని ప్రభుత్వమే భరిస్తుంది.

డబ్బు ఎక్కడ పనిచేస్తుంది

ఈ అనుభవాలన్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. భాష లేనివారికి నాలుగు నెలల్లో భాష నేర్పి టీచరును చేయడం కన్నా, భాష ఉన్నవారికి టీచరు అర్హత ఇప్పించడం తేలిక, చవక, మన్నిక. రేమండ్‌విల్‌లోని 700 పదాల కోర్సు, కోరల్ వేలోని క్యూబన్ టీచర్లు ఈ రెండు దారులకు రెండు చివరలు. రెండో దారిలో డబ్బు అవసరమయ్యేది చదువు ముగిశాక కాదు, చదువుతుండగా. ఐదేళ్ల తర్వాత వచ్చే రుణమాఫీ ఇప్పటికే అప్పు చేయగల ధైర్యం ఉన్నవారికి ఉపయోగపడుతుంది. ఈ నెల ఇంటద్దె కట్టలేక అభ్యాస బోధన మానుకునే తరగతి సహాయకురాలికి ఉపయోగపడదు. ఆమెకు కావలసింది జీతంతో కూడిన శిక్షణ, పరీక్ష ఫీజు, బిడ్డను చూసుకునే ఏర్పాటు. టెన్నెసీ రాష్ట్రం 2022లో టీచరు శిక్షణను జీతంతో కూడిన అప్రెంటిస్‌షిప్‌గా గుర్తింపజేసుకున్నాక, చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టడం ఆశ కలిగించే పరిణామం.

అన్నిటికీ మించి నిలకడ కావాలి. 2025లో అమెరికా విద్యాశాఖలో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల కోసం పనిచేసే కార్యాలయ సిబ్బందిని దాదాపు మొత్తంగా తొలగించారు. ఏటా సుమారు 89 కోట్ల డాలర్లున్న సంబంధిత నిధిని రద్దుచేయాలని అధ్యక్ష బడ్జెట్ ప్రతిపాదించింది. ద్విభాషా టీచరు తయారుకావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. విధానం ఒక ఎన్నికలో మారిపోవచ్చు.

మన దేశంలో

భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించే సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. 1969లో మైసూరులో ఏర్పడిన భారతీయ భాషల కేంద్ర సంస్థ కింద ప్రాంతీయ భాషా కేంద్రాలు వచ్చాయి. రాష్ట్రాలు డిప్యుటేషన్ మీద పంపే టీచర్లకు అవి పది నెలల పాటు మరో భారతీయ భాష నేర్పుతున్నాయి. మైసూరు దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో నేర్పే భాషల్లో తెలుగు ఒకటి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టింది. వాచకాలు తయారయ్యాయి. ఆ భాష ఇంట్లో మాట్లాడుతూ, టీచరు అర్హత కూడా ఉన్నవారు తగినంత మంది లేకపోవడమే అప్పుడూ ఇప్పుడూ అసలు అడ్డంకి. సీతంపేట, పాడేరు, ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో ఇంటర్ చదివిన ఆదివాసీ యువతీయువకులున్నారు. వారికి డీఎడ్ ఫీజు, హాస్టల్ ఖర్చు, చదువు ముగిసేదాకా నెలనెలా స్టైపెండ్, ఆ తర్వాత సొంత మండలంలో తమ భాషలో బోధించే పోస్టు, రెండు భాషలకు గుర్తింపుగా ప్రత్యేక అలవెన్సు హామీగా ఇవ్వాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ తమ తర్వాతి బడ్జెట్లలో దీనికి విడిగా ఒక పద్దు పెట్టాలి.